ల్యాబ్రడార్ కుక్క చెవుల ఇన్ఫెక్షన్ తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది, ఏం చూడాలి?

గోదారిగట్టు:
మగ ల్యాబ్రడార్, నాలుగేళ్లు, 32 కిలోలు. ఉండేది రాజమండ్రిలో. రెండు చెవుల్లోనూ ముదురు గోధుమరంగు జిగురు, పులిసిన పిండి వాసన. తల విదిలించడం, గోక్కోవడం. క్లోట్రిమజోల్, జెంటామైసిన్, స్టెరాయిడ్ కలిసిన చుక్కలు పూటకి మూడు చొప్పున వారం వేస్తే తగ్గుతుంది, ఆపాక మళ్లీ మొదలు. వానాకాలంలో మరీ ఎక్కువ. కాళ్ల వేళ్ల సందులు కూడా తెగ నాకుతుంటాడు, దానికీ దీనికీ సంబంధం ఉందంటారా? తిండి పొద్దున పెరుగన్నం, రాత్రి చికెన్ ఉడికించి అన్నంలో. ఇంతకంటే గట్టి మందు ఏదైనా ఉంటే చెప్పండి.

స్లైడు_ముందు:
గట్టి మందు కాదండీ, ముందు అసలు కారణం కావాలి. మీరే చెప్పారు, కాళ్లు నాకుతున్నాడని. రెండు చెవులూ ఒకేసారి, దానికి తోడు పాదాల దురద అంటే మొదట అనుమానించాల్సింది అలర్జీ. చెవి లోపలి చర్మమూ ఒంటి చర్మమే. అలర్జీతో అది వాచి, గుబిలి ఎక్కువగా ఊరి, తడిగా వెచ్చగా ఉంటే అక్కడ ఎప్పుడూ కాస్తో కూస్తో ఉండే మలసేజియా అనే ఈస్ట్ రెచ్చిపోతుంది. చుక్కలు ఈస్ట్‌ని చంపుతాయి, అలర్జీ అలాగే ఉంటుంది. గాలిలో తేమ పెరగ్గానే మళ్లీ అదే కథ.

ఈసారి వెళ్లినప్పుడు డాక్టరుగారిని సైటాలజీ చేయమని అడగండి. చెవిలో దూదిపుల్ల తిప్పి, గాజు పలక (స్లైడు) మీద రుద్ది, రంగు వేసి మైక్రోస్కోపు కింద చూడటమే, కొన్ని నిమిషాల పని. వేరుశెనగ కాయ ఆకారంలో కనిపిస్తే ఈస్ట్. గుండ్రంగా గుంపులుగా ఉంటే ఎక్కువగా స్టాఫ్ అనే బాక్టీరియా. కడ్డీల్లా ఉండి, పక్కన చీము కణాలుంటే సూడోమోనాస్ అనే మొండి బాక్టీరియా కావచ్చు, అప్పుడు కల్చర్‌కి (క్రిమిని పెంచి ఏ మందు పనిచేస్తుందో చూసే పరీక్ష) పంపాల్సిందే. ఈ మూడింటికీ మందులు వేరు. వాసన చూసి మందు రాస్తే కొన్నిసార్లు తగులుతుంది, కొన్నిసార్లు తగలదు.

చుక్కలు ఆపేదీ స్లైడు చూసే. వాసన ముందే పోతుంది, ఈస్ట్ ఇంకా మిగిలే ఉంటుంది. మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది.

చెవి_గొట్టం:
పూటకి మూడు చుక్కలా? 32 కిలోల కుక్కకి అది చెవి అంచు తడవడానికి సరిపోతుంది, అంతే. కుక్క చెవి గొట్టం ముందు నిలువుగా కిందికి దిగి, తర్వాత కర్ణభేరి వైపు అడ్డంగా మలుపు తిరుగుతుంది. మందు ఆ మలుపు దాటాలి. ఇరవై చుక్కలు కలిస్తే సుమారు 1 మి.లీ. ల్యాబ్ సైజు చెవికి చాలా మందుల విషయంలో 0.8 నుంచి 1 మి.లీ. దాకా కావాలి. మీ మందుకు ఎంతో డాక్టరుగారినే అడిగి, సూది తీసేసిన సిరంజీతో కొలిచి వేయండి.

దానికన్నా ముందు శుభ్రం చేయడం. జిగురు మీద మందు వేస్తే జిగురుకే పడుతుంది, చర్మానికి చేరదు. చెవి రెక్కను పైకెత్తి పట్టుకుని, చెవులు కడిగే మందును (ఇయర్ క్లీనర్) గొట్టం నిండేదాకా పోయండి. సీసా మూతి చెవికి తగలనివ్వకండి, లేదంటే క్రిములు సీసాలోకి వెళ్తాయి. చెవి మొదట్లో, దవడ ఎముక వెనక, బొటనవేలూ చూపుడువేలూ పెట్టి అర నిమిషం నుంచి నిమిషం పిసకండి. లోపల పిచక్ పిచక్ మని వినిపించాలి. వినిపించకపోతే మందు చాలలేదన్నమాట. తర్వాత వదిలేస్తే వాడే తల విదిలిస్తాడు (గోడలకి దూరంగా నిలబెట్టండి!). పైకొచ్చిన మురికిని దూదితో, మీ వేలు అందేంత వరకే తుడవండి. ఇయర్‌బడ్స్ వద్దు, మురికిని ఇంకా లోపలికి నెడతాయి. ఓ పావుగంట ఆగి చుక్కలు వేయండి.

కడగడం రెండు మూడు రోజులకోసారి చాలు. రోజూ కడిగితే చర్మం నాని, అది వేరే తలనొప్పి. తగ్గాక వారానికోసారి. స్నానం చేయించేటప్పుడు చెవిలో నీళ్లు పోనివ్వకండి.

గోదారిగట్టు:
చాలా థ్యాంక్సండీ. ఇంట్లో పెద్దవాళ్లు పసుపు వేసి కాచిన కొబ్బరినూనె పోయమంటున్నారు. కడిగే మందు అయిపోతే వెనిగర్ నీళ్లు వాడొచ్చని ఎక్కడో చదివాను. పర్లేదా?

స్లైడు_ముందు:
నూనె వద్దు. మురికిని పట్టి ఉంచుతుంది, డాక్టరు లోపల చూడాలంటే కర్ణభేరి కనిపించదు. వెనిగర్ పుండుపడ్డ చర్మం మీద భగ్గున మండుతుంది. ఒక్కసారి మండిందంటే వాడు ఇంకెప్పుడూ చెవి పట్టుకోనివ్వడు. హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా అంతే. కడిగే మందు దొరకని రోజు స్టెరైల్ సెలైన్ (క్రిములు లేని ఉప్పునీటి ద్రావణం) గోరువెచ్చగా వాడండి. జిగురును బాగా కరిగించదు గానీ హాని చేయదు.

ఒక జాగ్రత్త. కర్ణభేరికి చిల్లు పడి ఉంటే జెంటామైసిన్ లాంటివి, క్లోర్‌హెక్సిడిన్ (కొన్ని కడిగే మందుల్లో ఉండే క్రిమినాశిని) లోపలి చెవికి ప్రమాదం, వినికిడి పోవచ్చు. అందుకే ఆటోస్కోపుతో (చెవి లోపలికి చూసే దీపం పరికరం) చూడకుండా పాత సీసా తీసి వేయకూడదు. చెవి వాచి మూసుకుపోయి లోపలికి చూడటానికే కుదరకపోతే, డాక్టర్లు కొన్నాళ్లు ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చి, వాపు దిగాక చూస్తారు. సూడోమోనాస్ తేలితే చుక్కలకు ముందు ట్రిస్-ఈడీటీఏ ద్రావణంతో కడగమంటారు. అది క్రిమి పైపొరను బలహీనపరుస్తుంది, దాంతో యాంటీబయాటిక్ లోపలికి దిగుతుంది.

పెరుగన్నం_బంద్:
తిండి సంగతి ఎవరూ ఎత్తలేదేంది? కుక్కల తిండి అలర్జీలో తరచూ తేలేవి బీఫ్, పాలపదార్థాలు, చికెన్, గోధుమ. మీవాడు రోజూ తినేవాటిలో రెండు అందులోనే ఉన్నాయి. అవే కారణమని కాదు, కానీ పరీక్షించకుండా వదలొద్దు. రక్తపరీక్షతో తిండి అలర్జీ నమ్మకంగా తేలదు, దానికి డబ్బులు పెట్టకండి.

ఎనిమిది వారాలు ఒకే తిండి. హైడ్రోలైజ్డ్ ప్రొటీన్ ఫుడ్ (అలర్జీ రేపకుండా ప్రొటీన్‌ని చిన్న ముక్కలు చేసిన తిండి) అయితే సులువు, ఖరీదు మాత్రం ఎక్కువే. లేదంటే వాడు ఇంతవరకు ముట్టని మాంసం ఒకటి, దాంతో చిలగడదుంప. చేప ఎప్పుడూ పెట్టకపోయుంటే ముళ్లు తీసి పెట్టొచ్చు. ఎనిమిది వారాలు దాటి ఇంటి వంటే పెడితే కాల్షియం, విటమిన్లు కలపాలి, డాక్టరును అడగండి.

చెడేది ఎక్కడంటే బిస్కెట్లు, పిల్లలు విసిరే చపాతీ ముక్క, మాంసం రుచి కలిపిన నులిపురుగుల మాత్ర, పాలల్లో కలిపి ఇచ్చే మాత్ర. ఒక్క ముక్కతో పరీక్ష మొత్తం పాడవుతుంది. అమ్మమ్మగారుంటే ముందే చెప్పి ఒప్పించండి. దురద తగ్గితే పాత తిండి మళ్లీ పెట్టి చూడాలి. రెండు వారాల్లో తిరగబెడితే తిండే కారణం. అస్సలు తగ్గకపోతే ఇంటి దుమ్ము పురుగులు, పుప్పొడి లాంటి వాటి అలర్జీ అనుకుని దానికి వైద్యం నడపాలి. అప్పుడు చెవి శుభ్రంగా ఉన్నా వారానికి రెండుసార్లు స్టెరాయిడ్ చుక్కలు మాత్రమే వేయిస్తుంటారు, వాపు మళ్లీ రాకుండా.

చెవి_గొట్టం:
ఇంకొకటి. చెవి మొదలు వేళ్లతో పట్టుకుంటే గొట్టం మెత్తగా వంగాలి. గట్టిగా ఎముకలా తగిలితే ఏళ్ల వాపుతో అది బిరుసెక్కిందన్నమాట, ఆ దశలో చుక్కలు పెద్దగా పనిచేయవు, ఆపరేషన్ గురించి మాట్లాడాలి. నాలుగేళ్లకి అంత అయ్యుండకపోవచ్చు, అయినా ఈ రాత్రే పట్టి చూడండి. తల ఒక పక్కకి వాలిపోవడం, తూలడం, కళ్లు అటూ ఇటూ కొట్టుకోవడం, ముఖం ఒకవైపు జారడం, చెవి రెక్క రక్తంతో బెలూన్‌లా ఉబ్బడం, వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా అదే రోజు తీసుకెళ్లండి.