పాఠం వీడియో చూసినప్పుడు పిల్లలు అర్థమైందంటారు, మర్నాడు అడిగితే చెప్పలేరు. ఏం చెయ్యాలి?

బయాలజీ సార్:
హైస్కూల్లో టెన్త్‌కి బయాలజీ చెప్తాను. క్లాసులో ఐఎఫ్‌పి ప్యానెల్ (పెద్ద టచ్ స్క్రీన్) వచ్చిన దగ్గర్నుంచి గుండె పాఠం వీడియోలోనే చూపిస్తున్నా, పిల్లలు కళ్ళార్పకుండా చూస్తారు, అర్థమైందా అంటే ఓ అంటారు, తీరా మర్నాడు కుడి జఠరిక (గుండెలో కుడివైపు కింది గది) నుంచి రక్తం ఎక్కడికి పోతుందిరా అంటే ఒళ్ళంతా పోతుంది సార్ అంటున్నారు. బోర్డు మీద బొమ్మ వేసి చెప్పిన సెక్షన్ వాళ్ళే కాస్త నయం. వీడియోలు మానెయ్యాలా, చూపించే పద్ధతి మార్చాలా?

డైట్ (టీచర్ ట్రైనింగ్ కాలేజీ) లెక్చరర్:
మానక్కర్లేదు సార్. వీడియోలో బొమ్మా వాళ్ళే గీసి మాటా వాళ్ళే చెప్పేస్తుంటే పిల్లాడికి చేసే పనేముంటుంది, చూస్తున్నంతసేపూ సాఫీగా సాగిపోతుంది కాబట్టి వచ్చేసిందనుకుంటాడు. రక్తం కుడి జఠరికలోకి రాగానే పాజ్ కొట్టండి, ఇప్పుడెటు పోతుందో నోట్సులో బాణం గీయమనండి, అందరూ గీశాకే ప్లే చెయ్యండి. ఒళ్ళంతా అని గీసినవాడు తర్వాతి ముక్క ఎలా చూస్తాడో గమనించండి, ఊపిరితిత్తులనే మాట వాడికి అక్కడ పడుతుంది. ముక్కలుగా ఆపి చూపిస్తే మేలని అమెరికన్ సైకాలజిస్ట్ రిచర్డ్ మేయర్ ఎన్నో ప్రయోగాలు చేసి చెప్పాడు. 2014లో ఎడెక్స్ అనే వెబ్‌సైట్‌లోని ఆన్‌లైన్ కోర్సుల వీడియోల మీద చేసిన పరిశీలనలో కూడా, వీడియో ఎంత పొడుగైనా జనం మామూలుగా చూసింది 6 నిమిషాలకు మించలేదని తేలింది. అయితే అది చూసిన టైమ్ లెక్క మాత్రమే, నేర్చుకున్నదాని లెక్క కాదు, మీ సమస్య ఆ రెండోది.

సైన్స్ మేడమ్:
రంగుల సంగతి కూడా ముందే చెప్పండి సార్. వీడియోల్లో చెడు రక్తం నీలంగా చూపిస్తారు కదా, మా పిల్లలు నిజంగానే నీలం రక్తం ఉంటుందనుకున్నారు, అదీ ఎరుపే, కాస్త ముదురు అంతే అని చెప్పాల్సి వచ్చింది. ఇంకోటి, వాయిస్ చెప్పేదే కింద అక్షరాల్లో కూడా వస్తే కళ్ళు చదవడం మీదకి పోయి బొమ్మ వదిలేస్తాయి. తెలుగు వాయిస్ అయితే ఆ అక్షరాలు తీసేస్తా. ఇంగ్లీష్ వాయిస్ అయితే మాత్రం ఉంచాల్సిందే, మన పిల్లలకి ఆ ఉచ్చారణ అందదు.

బైపీసీ స్టూడెంట్:
సార్, నేనైతే వీడియో అయ్యాక ఫోన్ పక్కన పడేసి చూడకుండా గుండె బొమ్మ గీస్తాను, ఎక్కడ ఆగిపోతానో ఆ ముక్కే మళ్ళీ చూస్తా. మొత్తం వీడియో రెండోసారి చూడటం కన్నా ఇదే గుర్తుంటుంది.

బయాలజీ సార్:
చాలా థాంక్స్ అండీ. బి సెక్షన్‌కి ఇంకా ఈ పాఠం చెప్పలేదు, వాళ్ళకి పాజ్ కొట్టి బాణాలు గీయిస్తా. ఒక్క డౌట్, ఎడమ జఠరిక దగ్గర కూడా ఆపాలా?

డైట్ లెక్చరర్:
ఆపండి. అక్కడ రెండు జఠరికల్లో దేని గోడ మందంగా ఉంటుంది, ఎందుకు అని అడగండి. రక్తాన్ని ఒళ్ళంతా నెట్టేది ఏదో వాళ్ళే చెప్తారు.