కొత్త వైద్య సేవ తెచ్చే ముందు జనం ఇష్టాన్ని సర్వేతో కొలవొచ్చా?

పల్నాడు బిడ్డ:
నిన్న మధ్యాహ్నం మా అమ్మకు రికార్డింగ్ కాల్ వచ్చింది. ఊళ్లో వీడియోలో డాక్టరుతో మాట్లాడే ఏర్పాటు చేస్తే ఇష్టమైతే 1, లేదంటే 2 నొక్కమన్నారు. అమ్మ 1 నొక్కేసింది. ఎందుకమ్మా అంటే, "2 నొక్కితే పింఛను ఆపేస్తారేమో, మనకెందుకొచ్చిన గొడవ" అంది. వీడియోలో డాక్టరును ఆమె ఇంతవరకూ చూసింది లేదు. ఆ 1 రేపు ఏదో రిపోర్టులో ప్రజామోదం కింద లెక్కకొస్తుంది. ఈ సర్వేల మీద పెట్టే డబ్బు మాత్రల మీద పెడితే మేలని నా అభిప్రాయం. మీరేమంటారు?

రిటైర్డ్ డాక్టరు:
మీతో ఏకీభవిస్తాను, కారణాలు మాత్రం వేరు. ముప్పై ఏళ్లు పీహెచ్‌సీల్లో చేశాను. జనం ఇష్టాన్నే కొలిస్తే మొదటి స్థానం సెలైన్ బాటిల్‌కి వస్తుంది. మామూలు జ్వరానికి కూడా ఎక్కించమంటారు. కాదంటే నేరుగా ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తారు. ఇంకో మాట. 2005లో 108 వచ్చింది. అంతకుముందు ఊళ్లో "ఫోన్ చేస్తే ఇంటి ముందుకు అంబులెన్స్ వస్తుంది" అంటే నమ్మేవాళ్లే లేరు. ఇప్పుడు అది లేని రోజుల్ని ఊహించుకోలేరు. చూడని దాన్ని ఇష్టమా అని అడిగితే మనిషి ఏం చెబుతాడు?

సబ్‌సెంటర్ సిస్టర్:
డాక్టరు గారూ, మీ అనుభవం ముందు నేనెంత, కానీ సెలైన్ మాట ఒప్పుకోలేను. మిరపకోతల టైములో జ్వరంతో ఒకామె వస్తుంది. ఒళ్లు కాలిపోతుంటుంది, చేతులింకా ఘాటు వాసన. "సిస్టరమ్మా, పొద్దున్నే ఆటో ఎక్కాలి, ఎట్లాగైనా లేచి నిలబడేట్టు చెయ్" అంటుంది. రేపటి కూలి పోకూడదని ఆమె బాధ. సెలైన్ కావాలా వద్దా అని అడిగితే ఆ సంగతి మీకు ఎప్పటికీ తెలియదు.

కార్డుల పరిశోధకుడు:
సిస్టర్ గారు చెప్పిన దగ్గరే అసలు విషయం ఉంది. "ఇష్టమా?" అని అడిగితే అందరూ ఇష్టమే అంటారు. ఖర్చు లేదు, వదులుకునేదీ లేదు కదా. అందుకే మేం రెండు కార్డులు చూపిస్తాం. మొదటిదాంట్లో డాక్టరు నెలకు రెండుసార్లు ఊరికి వస్తారు, ఎదురుచూపు రెండు గంటలు. రెండోదాంట్లో రోజూ వీడియోలో డాక్టరు, ఎదురుచూపు పావుగంట, కానీ మందులు సగమే దొరుకుతాయి. ఒకటి ఎంచుకోవాలి. తర్వాత దూరం, ఖర్చు, మందులు మార్చి మరో జత. ఇలా ఎనిమిదో పదో జతలు చూపిస్తే, మందులన్నీ దొరుకుతాయంటే మనిషి ఎంత దూరం నడవడానికి సిద్ధమో లెక్క తేలుతుంది.

డాక్టరు గారూ, చూడని దాని గురించి మీ ప్రశ్నకు ఒక జవాబు ఉంది. అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో 1970ల మొదట్లో బార్ట్ అనే నగర రైలు ఇంకా నడవకముందు డేనియల్ మెక్‌ఫాడెన్ అనే ఆర్థికవేత్త జనాన్ని రైలు ఇష్టమా అని అడగలేదు. కారు, బస్సుల్లో ఏది ఎక్కుతున్నారు, ఎంత సమయం, ఎంత డబ్బు పోతోంది అని చూశారు. అధికారుల అంచనా 15 శాతం మంది ఎక్కుతారని. ఆ వివరాలతో ఆయన కట్టిన లెక్క 6.3 శాతం. రైలు నడిచాక తేలింది 6.2. 2000లో ఆయనకు నోబెల్ వచ్చింది.

అయితే ఈ పద్ధతికీ ఒక గుడ్డితనం ఉంది, నేను స్వయంగా చూశాను. అనంతపురం వైపు ఒక పెద్దావిడ కార్డులు రెండూ కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. తిరగేసి వెనక కూడా చూసింది. "నాయనా, వీటిలో ఏదాంట్లో బీపీ మాత్రలు నెలకు సరిపడా ఇస్తారు? పది రోజులవి ఇచ్చి మళ్లీ రమ్మంటే నాకు కుదరదు" అంది. మా కార్డులో ఆ గడే లేదు. ఆఫీసులో కూర్చుని తయారు చేశాం మరి. ఆవిడ చెప్పాక కార్డులన్నీ మార్చాల్సి వచ్చింది.

పోర్ట్‌లాండ్ తెలుగు:
నేనుండేది అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో. పేదల వైద్యానికి ఇచ్చే మెడికెయిడ్ డబ్బు ముందు ఏ చికిత్సలకు వాడాలో ఇక్కడ 1990లో జాబితా కట్టారు. జనం మాట వినడానికి 47 సభలు పెట్టారు. వెయ్యి మందికి ఫోన్ చేసి ఏ బాధ ఎంత భరించలేనిదో మార్కులు వేయించారు. వాటిని ఖర్చుతో కలిపి లెక్కగడితే, పంటికి తొడుగు వేయడం అపెండిక్స్ ఆపరేషన్ కంటే పైన తేలింది! ఆ జాబితా పక్కన పెట్టేశారు. సభలకు వచ్చినవాళ్లలో సగానికి పైగా వైద్యరంగంలో పనిచేసేవాళ్లే. మెడికెయిడ్ మీద ఆధారపడ్డవాళ్లు చాలా తక్కువ. ఎవరి ప్రాణం మీద లెక్క కడుతున్నారో వాళ్లే గదిలో లేరు.

రిటైర్డ్ డాక్టరు:
అపెండిక్స్ సంగతి నాకు తెలియదు. అయితే జనాన్ని అడిగినా, ఏది ప్రాణం నిలబెడుతుందన్న నిర్ణయం ఓట్లకు వదలకూడదు. ఇందులో నా మాట మారదు. సేవ ఎక్కడ, ఏ వేళకు, ఎలా అందాలన్నది మాత్రం వాళ్లే చెప్పాలి. బాటిల్ అడిగిన ఎంతమందిని "రేపు పనికెళ్లాలా అమ్మా" అని అడిగానా అని రాత్రంతా ఆలోచిస్తూనే ఉన్నాను.

సబ్‌సెంటర్ సిస్టర్:
ఇంకోటి చెప్పాలి. మీరు కార్డులు చూపించేది క్లినిక్‌కి వచ్చినవాళ్లకే. మంచం దిగలేనివాళ్లు, పగలంతా చేలో ఉండేవాళ్లు, ఫోన్ భర్త చేతిలో ఉండే కోడళ్లు ఏ లెక్కలోనూ పడరు. సాయంత్రం ఏడు తర్వాత ఆశా కార్యకర్తతో ఇంటింటికీ వెళ్లండి. అప్పుడు వచ్చే జవాబులు వేరు.

పల్నాడు బిడ్డ:
మాత్రలకు పెట్టాల్సిన డబ్బు అన్నాను కదా, ఆ మాట కొంత వెనక్కి తీసుకుంటున్నా. 1 నొక్కు, 2 నొక్కు కాల్స్ మీద కోపం మాత్రం అలాగే ఉంది. రాత్రి అన్నం తిన్నాక అమ్మను కూర్చోబెట్టి మళ్లీ అడిగాను, నెంబర్లు ఏమీ లేకుండా. వీడియో అయినా సరే, మనిషి వచ్చినా సరే అంది. కాసేపాగి, "డాక్టరు వచ్చేది ముందురోజు సాయంత్రమే తెలిస్తే చాలురా. 104 బండి వచ్చిందని చేలో ఉండగా తెలుస్తోంది, నేనొచ్చేసరికి వెళ్లిపోతోంది" అంది.

సబ్‌సెంటర్ సిస్టర్:
తమ్ముడూ, అమ్మగారికి చెప్పు. వాళ్ల ఊరి ఆశా కార్యకర్త దగ్గర ఈ నెల తేదీలు ఉంటాయి, అడిగి గోడ మీద రాయించుకోమను.