అటక మీది ట్రంకు పెట్టెలో శుభలేఖలు, గ్రీటింగు కార్డులు, పాత ఫోటోలు: కాలం తేల్చేది ఎలా? దాచేది ఎలా?

తాటాకు పెట్టె:
రాజమండ్రిలోని మా తాతగారి ఇంటిని ఖాళీ చేస్తూ అటక దించినప్పుడు ఒక ట్రంకు పెట్టె దొరికింది. అందులో సుమారు రెండు వందల శుభలేఖలు, సంక్రాంతికీ కొత్త సంవత్సరానికీ వచ్చిన గ్రీటింగు కార్డులు, నలభై దాకా ఫోటోలు ఉన్నాయి. ఒక శుభలేఖలో తేదీ ఉండవలసిన మూలను పురుగు తినేయగా, "ప్లవ నామ సంవత్సర నిజ జ్యేష్ఠ శుద్ధ" అన్నంతవరకే మిగిలింది. కవరు మీద తపాలా ముద్ర అలుక్కుపోయింది. దాని కాలాన్ని తేల్చే మార్గం ఉందా? పూలజడతో, అద్దం ముందు నిలబడిన ఒక అమ్మాయి ఫోటో కూడా ఉంది. ఆమె ఎవరో మా ఇంట్లో ఎవరూ చెప్పలేకపోతున్నారు.

బెజవాడ పాతకాగితం:
మీ శుభలేఖ కాలాన్ని చెప్పడానికి పురుగు వదిలిన ముక్క చాలు. ప్లవ అరవై ఏళ్లకోసారి వస్తుంది కాబట్టి అది 1901-02 కావాలి, లేదా 1961-62 కావాలి. "నిజ జ్యేష్ఠ" అని అచ్చు వేశారంటే ఆ ఏడాది జ్యేష్ఠం రెండుసార్లు వచ్చిందని అర్థం. అధిక మాసంలో పెళ్లిళ్లు చేయరు గనుక నిజ మాసమని ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చింది. 1961లో అధిక జ్యేష్ఠం వచ్చింది. కాబట్టి ఆ పెళ్లి 1961 జూన్ రెండో సగంలో జరిగి ఉంటుంది. కవరు కూడా ఒకసారి చూడండి. తపాలా బిళ్ల మీద విలువ పక్కన "ఎన్.పి." అని ఉంటే అవి నయాపైసలు. దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి, 1964 జూన్ 1 నుంచి "నయా" అన్న మాట తీసేశారు. చిరునామాలో పిన్‌కోడు ఉంటే మాత్రం నా లెక్క తప్పినట్టే, ఎందుకంటే అది 1972 ఆగస్టు 15న మొదలైంది.

దయచేసి బిళ్లల కోసం కవర్లను కత్తిరించకండి. చిన్నప్పుడు నేను స్టాంపుల సరదాతో మా నాన్నగారి ఉత్తరాల కట్టంతటికీ ఆ గతి పట్టించాను. ఇప్పుడు నా దగ్గర ఆల్బం నిండా బిళ్లలు ఉన్నాయి, వాటిలో ఏది ఎవరి ఉత్తరం మీద వచ్చిందో చెప్పే ఆధారం మాత్రం లేదు.

తాటాకు పెట్టె:
బిళ్ల మీద "ఎన్.పి." ఉంది, పిన్‌కోడు లేదు. ధన్యవాదాలండి! పెట్టెలో ఇన్ని శుభలేఖలు ఉన్నా చావు కబురు తెచ్చిన కార్డు ఒక్కటీ లేకపోవడం వింతగా అనిపించింది.

గోదారి రేవు:
అందులో వింతేమీ లేదు. మా ఇంట్లో అటువంటి కార్డు వస్తే మా బామ్మ దానిని గడప దాటనిచ్చేది కాదు. వీధి అరుగు మీదే చదివించి, చింపి పారేయించేది. పసుపు పూసిన కాగితాన్ని మాత్రం దేవుడి గూట్లో పెట్టి, తర్వాత పెట్టెలోకి చేర్చేది. అందువల్ల మనకు దొరికే పెట్టెల్లో పెళ్లిళ్లే కనిపిస్తాయి, చావులు కనిపించవు. కుటుంబ చరిత్ర రాసుకోవాలనుకునేవారు ఈ వెలితిని మనసులో పెట్టుకోవడం మంచిది.

గ్రీటింగు కార్డుల కవర్లలో చాలావాటికి మూత అంటించి ఉండదు, లోపలికి మడిచి ఉంటుంది. అచ్చు కాగితాలను పంపే బుక్ పోస్టు కింద తక్కువ ఖర్చుతో వెళ్లాలంటే అలా తెరిచి పంపవలసి వచ్చేది. ఆ మడతను అంటించి "బాగు" చేయవద్దు.

సికింద్రాబాద్ అల్మరా:
ఫోటోల గురించి నేను చెబుతాను, ఎందుకంటే నేను నష్టపోయి నేర్చుకున్నది ఇదే. మా ముత్తాతగారి పటానికి ఏళ్ల తరబడి తడి పూలదండలు వేశారు, అద్దం మీద గంధం, కుంకుమ పెట్టారు. తేమ లోపలికి దిగి ఫోటో అద్దానికి అంటుకుపోయింది. నేను అవగాహన లేక దానిని ఊడబెరికితే ముఖంలో సగం అద్దంతో పాటు వచ్చేసింది. బొమ్మ ఉండేది కాగితం మీది జెలటిన్ పొరలో. అది తడిసి ఆరితే జిగురులా పట్టేస్తుంది. మీ ఫోటోల్లో అలా అంటుకున్నవి ఉంటే అద్దంతో సహా స్కాన్ చేయించి, అలాగే ఉంచేయండి. పటం వెనక చెక్క పెట్టి ఉంటే మాత్రం తీసేయించండి. చెక్క గీతలు కాగితం మీద గోధుమరంగు చారలుగా దిగుతాయి.

చీకటి భాగాల్లో నీలి వెండి మెరుపు కనిపిస్తే అది దుమ్ము కాదు, బొమ్మలోని వెండే పైకి తేలింది. దానిని గుడ్డతో రుద్దకూడదు. చదరంగా ఉండే చిన్న ఫోటోలు సాధారణంగా 120 అనే రకం రోలు ఫిల్ము మీద, రోలుకు పన్నెండు చొప్పున తీసినవి. డెబ్బయ్యో దశకం, ఎనభయ్యో దశకం నాటి కలర్ ఫోటోలు ఎర్రబడి ఉంటే వాటినే ముందు స్కాన్ చేయండి, ఎందుకంటే అవి చీకట్లో ఉన్నా రంగు పోగొట్టుకుంటూనే ఉంటాయి.

ఇంకొక మాట. హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద అట్టకు అంటించిన గోధుమరంగు ఫోటో ఏది చూపించినా "రాజా దీన్‌దయాళ్ తీసింది" అని ధర చెప్పేవారు నాకు తగిలారు. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరైన ఆయన 1905లో కన్నుమూశారు. ఫోటోలో చేతి గడియారం పెట్టుకున్న కుర్రవాడు కనబడుతుంటే ఆ మాట ఎలా నమ్మాలి?

డల్లాస్ మనవరాలు:
స్కాన్ చేసేటప్పుడు వెనక వైపును కూడా చేయమని నా మనవి. ఇండియా నుంచి మా పెదనాన్నగారు ఎంతో శ్రద్ధగా అరవై ఫోటోలు వాట్సాప్‌లో పంపారు; వెనక రాసి ఉన్న పేర్లు ఒక్కటీ రాలేదు, పైగా బొమ్మలు కుంచించుకుపోయి వచ్చాయి. తర్వాత మేము 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో) రెండు వైపులా మళ్లీ చేయించుకున్నాము. జిగురు పేజీల మీద ప్లాస్టిక్ పొర కప్పే ఆల్బంలను వాడకండి. కార్డులను పండుగల వారీగా విడదీసి, కవర్లు పారేస్తే చూడడానికి కూడా సులువుగా ఉంటుంది.

బెజవాడ పాతకాగితం:
చివరి మాటతో నేను ఏకీభవించలేను. మీ తాతగారు ఏ కట్టను ఏ కట్ట పక్కన పెట్టారో అది కూడా సమాచారమే. ముందు కట్టలకు అంకెలు వేసి, ఉన్నవి ఉన్నట్టు ఫోటో తీసుకోండి, ఆ తర్వాత విడదీయండి. రబ్బరు బ్యాండ్లను మాత్రం ఈరోజే తీసేయండి.

తాటాకు పెట్టె:
పూలజడ ఫోటోను స్కాన్ చేసి, టాబ్లెట్ మీద పెద్దది చేసి మా చిన్నమామ్మకు చూపించాను. ముఖాన్ని ఆవిడ పోల్చలేకపోయారు. అద్దంలో కనిపించే జడ దగ్గరికి వచ్చేసరికి వేలు అక్కడే ఆగిపోయింది. మొగలిరేకుల మధ్య మూడో జడబిళ్లలో ఒక రాయి లేదు. "ఈ బిళ్లలు మనవి. రాయి ఊడగొట్టింది నేనే. ఫోటో తీయించుకోవడానికి ఎదురింటివాళ్లు అడిగి పట్టుకెళ్లారు" అన్నారు. అమ్మాయి పేరు మాత్రం గుర్తు రాలేదు. ఫోటో వెనక మెత్తటి పెన్సిలుతో "పేరు తెలియదు, ఎదురింటి అమ్మాయి, జడబిళ్లలు మా ఇంటివి" అని రాసి, దానిని దొరికిన కట్టలోనే పెట్టాను. అదే కట్టలో ప్లవ నాటి శుభలేఖ కూడా ఉంది. వధువు తండ్రి చిరునామా చిరగలేదు; అది మా వీధే.