మట్టి ఇటుకల గోడ అడుగున పొడి రాలుతోంది

బెంగళూరు, కె.ఆర్.పురం దగ్గర 2021లో కాల్చని మట్టి ఇటుకలతో ఇల్లు కట్టించాం. మట్టి, ఇసుకలో 7 శాతం సిమెంటు కలిపి మెషిన్‌లో ఒత్తినవి. బట్టీ పొగ లేదు, ఏప్రిల్‌లోనూ ఇల్లు చల్లగా ఉంటుంది. అందుకే ఈ గోడను ఎలాగైనా నిలబెట్టుకోవాలని ఉంది.

సమస్య పడమటి గోడకే. వానలు తగ్గాక, నవంబరు నుంచి, నేల నుంచి రెండడుగుల ఎత్తు దాకా తెల్లగా ఉప్పు పూస్తోంది. వేలితో గీస్తే అర అంగుళం లోతు వరకు మట్టి జారిపోతోంది. ఇటుకల మధ్య దర్జులు మాత్రం గట్టిగా పైకి తేలి కనిపిస్తున్నాయి. లోపలివైపు ఏమీ లేదు.

పొడి బ్రష్‌తో ఉప్పు దులిపాం, మళ్లీ వచ్చింది. 2023లో గోడ నీళ్లు పీల్చకుండా సిలికాన్ కోటింగ్ రెండు సార్లు వేయించాం. మరుసటి ఏడు ఇటుక ముఖమే పెచ్చులుగా ఊడింది, అంటే ఇంకా చెడింది. గోడ పక్క టైల్స్ తీసి కంకర పోస్తే నీళ్లు చిమ్మడం తగ్గింది కానీ ఉప్పు ఆగలేదు. పైపుల్లో లీకు లేదు, చూయించాం.

మేస్త్రీ సిమెంటు ప్లాస్టరింగే దారి అంటున్నాడు. లోపలి తడి బయటికి పోక గోడ ఇంకా పాడవుతుందని నా భయం.

ఇలాంటి గోడకు సిమెంటు బదులు సున్నంతో ప్లాస్టరింగ్ వేయించి, రెండు మూడు వానాకాలాలు నిలిచిన అనుభవం మీలో ఎవరికైనా ఉందా?