మా సాయంత్రపు బడి లెక్క ఇలా చూపించవచ్చా?

ప్రశ్న:
ఆదోని దగ్గర ఒక పల్లెలో నాలుగేళ్లుగా సాయంత్రపు బడి నడుపుతున్నాను. అందరూ కూలి ఇళ్ల పిల్లలే. డబ్బిచ్చేవారు ఈసారి హాజరు పట్టీ, ఫొటోలు చాలవన్నారు, ఫలితం చూపించమన్నారు. జూన్‌లో 58 మందిని కూర్చోబెట్టి చూస్తే రెండో తరగతి కథ తడబడకుండా చదివింది 19 మంది. ఫిబ్రవరిలో ఉన్న 37 మందిలో 22 మంది చదివారు. నూటికి 33 నుంచి 59కి వచ్చాం! సంతోషమే కానీ, లెక్క మరీ తీయగా ఉంది. ఇలాగే రాసి పంపవచ్చా?

జవాబు (విశ్రాంత ఉపాధ్యాయుడు, ఎమ్మిగనూరు):
మిగతా 21 మంది ఏమయ్యారమ్మా? ఫిబ్రవరి అంటున్నావు కాబట్టి మిరపకోతలకు గుంటూరు వైపు వెళ్లి ఉంటారు. ఊళ్లో మిగిలేది కాస్త నిలదొక్కుకున్న ఇళ్ల పిల్లలు. నూటికి ఇంత అన్న లెక్క పెరగడానికి పాఠం అక్కరలేదు, వలస బండి కదిలితే చాలు. ఆ 37 మందిలో జూన్‌లోనే చదివినవారెందరో ముందు చూడు.

జవాబు (సర్వేలు చేసిన అనుభవం ఉంది):
పైగా పిల్లలు పగటి బడిలోనూ ఎంతో కొంత నేర్చుకుంటారు. పోల్చి చూడాలి. కొందరికి చెప్పి కొందరిని వదిలేయడానికి మనసొప్పదంటారా? 2001లో వడోదరలో, వెనకబడిన పిల్లలకు చదువు చెప్పే బాలసఖిని లాటరీ వేసి సగం బడుల్లో మూడో తరగతికి, మిగతా బడుల్లో నాలుగో తరగతికి ఇచ్చారు. ఏ బడీ వట్టి చేతులతో మిగలలేదు, బాలసఖి ఉన్న మూడో తరగతిని లేని మూడో తరగతితో పోల్చడమూ కుదిరింది. రెండో ఊళ్లో బడి తెరిచేటప్పుడైనా ఆలోచించండి.

జవాబు:
తల్లిదండ్రుల మెచ్చుకోళ్లను సాక్ష్యంగా పెట్టకండి. అమెరికాలో 1939లో మొదలైన కేంబ్రిడ్జ్-సోమర్‌విల్ అధ్యయనంలో, దారి తప్పుతారేమోనన్న అబ్బాయిలకు ఏళ్ల తరబడి సలహాదారులను పెట్టారు. దశాబ్దాల తర్వాత జోన్ మెక్‌కార్డ్ అనే పరిశోధకురాలు ఆ అబ్బాయిలను వెతికి పట్టుకుని అడిగితే, ఎక్కువమంది మేలే జరిగిందన్నారు. సాయం అందనివారితో పోల్చి చూస్తే మాత్రం తాగుడు, జబ్బులు వీరిలోనే ఎక్కువ.

ప్రశ్న వేసినవారు:
మాస్టారూ, పాత పట్టీ తీశాను. ఆ 37 మందిలో 17 మంది జూన్‌లోనే చదివారు. కొత్తగా చదవడం పట్టుబడింది ఐదుగురికే. వెళ్లిపోయిన 21 మందిలో అప్పటికి చదవగలిగింది ఇద్దరు. సోమవారం నివేదికలో ఐదుగురనే రాస్తాను, నిధులు తగ్గిస్తే తగ్గించనీ. కూలీలను తీసుకెళ్లిన మేస్త్రీకి ఫోను చేసి గుడారాలు ఎక్కడ వేశారో కనుక్కున్నాను. కథ కాగితాలు సంచిలో పెట్టుకున్నాను, శనివారం రాత్రి బస్సుకు బయలుదేరుతున్నాను.