నెల రోజుల్లో రెండు కిలోల కండ కరిగిందన్న రిపోర్టును నమ్మవచ్చా?

గోదారిగట్టు:
మా నాన్నగారికి 76 ఏళ్లు. పిడులు పట్టుకుని లోహపు పలకల మీద నిలబడితే కొవ్వును, కండను వేరువేరుగా చూపే యంత్రం మా పేటలోని ఒక ల్యాబులో ఉంది. నెల కిందట కండరాలు 23.9 కిలోలని చూపిన ఆ యంత్రమే మొన్న 22.1 అని చూపింది. ఈ మధ్య ఆయన తిండి తగ్గలేదు, మంచాన పడలేదు. రిపోర్టు అడుగున ‘సార్కోపీనియా’ (వయసుతో కండ, బలం తగ్గిపోయే జబ్బు) అన్న మాట చూసినప్పటి నుంచి అమ్మకు నిద్ర పట్టడం లేదు.

ఫిజియో_హన్మకొండ:
అయ్యా, ఆ యంత్రం కండను తూచదు. చాలా యంత్రాలు 50 కిలోహెర్ట్జ్ దగ్గర, మనకు తెలియనంత స్వల్పమైన విద్యుత్తును పంపి, దానికి శరీరం ఎంత అడ్డుపడిందో కొలుస్తాయి. నీరు ఎక్కువగా ఉండే కండలో విద్యుత్తు సులువుగా సాగుతుంది, కొవ్వులో సాగదు. ఆ కొలతకు ఎత్తు, వయసు వంటివి కలిపి, ఒక సూత్రం ద్వారా కండ ఎంత ఉండవచ్చో అంచనా వేస్తాయి. కాబట్టి ఒంట్లో నీరు మారితే కండ మారినట్టే కనిపిస్తుంది. పాదాల వాపు ఉందా, మందులేమైనా మారాయా చెప్పండి.

గోదారిగట్టు:
మారాయండీ. అంతకుముందు సాయంత్రమయ్యేసరికి చెప్పుల పట్టీల అచ్చు ఆయన పాదాల మీద లోతుగా పడేది, వేలితో నొక్కితే గుంట కాసేపు అలాగే ఉండిపోయేది. మొదటి పరీక్ష అయిన వారానికి గుండె డాక్టరు గారు నీరు తీసే మాత్ర రాశారు. బరువు 2.6 కిలోలు తగ్గింది, ఇప్పుడు ఆ అచ్చు పడటం లేదు.

ఫిజియో_హన్మకొండ:
అయితే పోయినదాంట్లో ఎక్కువ భాగం నీరే అయి ఉంటుంది. మాత్ర మాత్రం మానకండి. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది: మీ ఇంట్లో అందరూ రెండో అంకెను అనుమానిస్తున్నారు గానీ, నా దృష్టిలో అనుమానించవలసింది మొదటిదాన్ని. వాపు నీటిని కూడా కండ కింద లెక్కగట్టి అది మీకు లేని ధైర్యం ఇచ్చింది. రిపోర్టులో కాళ్లు చేతుల కండ ఎంతో, ఆయన ఎత్తు ఎంతో చెప్పగలరా?

గోదారిగట్టు:
అప్పుడు 18.9 కిలోలు, ఇప్పుడు 17.4. ఎత్తు 162 సెంటీమీటర్లు.

ఫిజియో_హన్మకొండ:
మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే అప్పుడు 7.2, ఇప్పుడు 6.6 వస్తాయి. ఆసియా నిపుణుల బృందం 2019లో ఈ పద్ధతికి పెట్టిన హద్దు పురుషులకు 7.0, స్త్రీలకు 5.7. హద్దు కన్నా తగ్గినంత మాత్రాన జబ్బని తేల్చరు. దానితోపాటు చేతి పట్టు 28 కిలోల కన్నా తక్కువైనా (స్త్రీలకు 18), కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు లేదా అంతకు మించి పట్టినా, నడక మందగించినా అప్పుడు సార్కోపీనియా అంటారు. రిపోర్టులో ఫేజ్ యాంగిల్ (కణాల స్థితిని సూచించే అంకె) ఉంటే అదీ దాచుకోండి. ఎత్తు, బరువుల సూత్రంతో పని లేకుండా నేరుగా కొలత నుంచే వచ్చే అంకె అది, అయితే వాపు ఉంటే అదీ తగ్గుతుంది.

డల్లాస్_కోడలు:
ఎత్తును కూడా ఆ రోజే కొలిపించండి. మా అత్తగారికి పాత పాస్‌పోర్టులోని ఎత్తే వేశారు. ఈలోగా ఆవిడ నడుము వంగి మూడు సెంటీమీటర్లు తగ్గారు. ఎత్తు ఎక్కువ వేస్తే యంత్రం కండ కూడా ఎక్కువే చూపుతుందట. ఇంట్లో కాళ్లతో మాత్రమే నిలబడే తూనిక కొన్నాం గానీ, అందులో విద్యుత్తు ప్రధానంగా ఒక కాలి నుంచి ఇంకో కాలికే పోతుంది కనుక చేతుల సంగతి దానికి తెలియదు.

సిద్దిపేట_చిన్నోడు:
మా బాబాయికి పేస్‌మేకర్ ఉందని తెలియగానే ఈ పరీక్ష చేయకుండానే పంపేశారు. తెలియనివారి కోసం చెబుతున్నాను.

గోదారిగట్టు:
నిన్న భోజనాల బల్ల దగ్గరి కుర్చీని గోడకు ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని లేవమన్నాను. మూడోసారికే చేయి మోకాలి మీదికి పోయింది. అమ్మ కసిరితే తీసేశారు. మొత్తం 16 సెకన్లు. క్లినిక్‌లో చేతి పట్టు 24 కిలోలు వచ్చింది. డాక్టరు గారు వ్యాయామం మొదలుపెట్టించి, వాపు లేని రోజు చూసుకుని, పరగడుపున, మూత్రవిసర్జన చేసి వచ్చాక, అదే యంత్రం మీద మూడు నెలలకు మళ్లీ చూద్దామన్నారు. అమ్మ ఆ కుర్చీని అక్కడే గోడకు ఉంచేసింది.