చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లు పళ్లకి క్లిప్పులు పెట్టించుకోవచ్చా? (వైజాగ్)

గాజువాక_41:
పెళ్లి ఫొటోల్లో నా ముందుపళ్లు ఒకదానికొకటి ఆనుకునే ఉన్నాయి. ఇప్పుడు పైన రెండింటి మధ్య బియ్యపుగింజ పట్టేంత సందు వచ్చింది, ఒక పన్ను కాస్త ముందుకి జరిగి కింది పెదవికి తగులుతోంది. బ్రష్ చేస్తే రక్తం. ఒక క్లినిక్‌లో ఎక్స్‌రే కూడా తీయకుండా క్లిప్పులు వేసేద్దాం, అడ్వాన్స్ కట్టండి అన్నారు. ఇంకోచోట చిగుళ్లు బాగయ్యేవరకు క్లిప్పుల మాటే ఎత్తొద్దన్నారు. ఎవరి మాట వినాలి? క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులైపోతాయని మా అత్తగారు ఒకటే భయపెడుతున్నారు. నాకు షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నాను.

చిగుళ్ల_డాక్టర్:
రెండోచోట చెప్పిందే వినండమ్మా. ఈ వయసులో కొత్తగా సందు వచ్చి, రక్తం కూడా వస్తోందంటే పన్నుని పట్టి ఉంచే ఎముక తగ్గిందేమో ముందు చూడాలి. ఎముక తగ్గితే నాలుక తోపుకి, పెదవి ఒత్తిడికి కూడా ముందుపళ్లు జరిగిపోతాయి. క్లిప్పులు వేసినప్పుడు పన్ను జరిగే వైపు ఎముక కరుగుతుంది, వెనక వైపు కొత్తది పడుతుంది. చిగుళ్లు ఆరోగ్యంగా ఉంటే ఇది చక్కగా జరుగుతుంది, ఎముక తగ్గి ఉన్నా సరే. వాపు ఉండగా లాగితే మాత్రం ఉన్న ఎముక ఇంకా త్వరగా పోతుంది, చివరికి పన్నే ఊడొచ్చు.

ప్రతి పన్ను చుట్టూ ఆరు చోట్ల సన్నటి ప్రోబ్ (కొలత గీతలున్న పుల్లలాంటి పరికరం) దించి లోతు కొలుస్తారు. 3 మిల్లీమీటర్ల వరకు మామూలే. అంతకు మించి లోతుంటే మత్తిచ్చి వేరు దాకా డీప్ క్లీనింగ్ చేస్తారు, రెండు మూడు నెలలకి మళ్లీ కొలుస్తారు, తగ్గనిచోట చిన్న సర్జరీ అవసరం పడొచ్చు. లోతులు 4 లోపుకి వచ్చి రక్తం ఆగాకే ఆర్థోడాంటిస్ట్ (క్లిప్పులు వేసే డాక్టర్) దగ్గరికి వెళ్లండి. ఎముక తగ్గిన పన్ను కొద్ది బలానికే ఒరిగిపోతుంది కాబట్టి వాళ్లు కూడా తేలికపాటి ఒత్తిడే పెట్టాలి. ఈలోగా హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) చేయించండి, షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్లు సరిగ్గా మానవు.

మీ అత్తగారికి ఇలా చెప్పండి: గార పళ్ల సందుల్లో సిమెంటులా గట్టిపడి ఉంటుంది, అది తీశాక సందులు బయటపడి కొన్నాళ్లు వదులుగా అనిపిస్తుంది. పళ్లని వదులు చేసింది గార చాటున పోయిన ఎముక, క్లీనింగ్ కాదు.

ఎంవీపీ_కాలనీ:
నాదీ ఇదే కేసు. చిగుళ్ల ట్రీట్‌మెంట్ అయ్యాకే క్లిప్పులు వేశారు, అవి ఉన్నంతకాలం మూడు నెలలకోసారి చిగుళ్ల చెకప్‌కి కూడా వెళ్లాను. తీగ కింద ఇరుక్కున్న తిండి మామూలు బ్రష్‌కి రాదు, సందుల్లో దూరే చిన్న బ్రష్ కొనుక్కోండి. పళ్లు దగ్గరయ్యాక చిగురు పక్కన నల్లటి చిన్న ముక్కోణం మిగిలిపోయింది, అలా ఉండొచ్చని ముందే చెప్పారు. పళ్లు మళ్లీ విడిపోకుండా వెనకాల సన్నటి తీగ అంటించారు, అది జీవితాంతం ఉండాల్సిందేనట. ఖర్చు గురించి టెన్షన్ అయితే రుషికొండలో గీతం డెంటల్ కాలేజీ, సంగివలసలో అనిల్ నీరుకొండ కాలేజీ ఉన్నాయి కదా, చిగుళ్ల విభాగం, క్లిప్పులు వేసే ఆర్థో విభాగం రెండూ ఒకేచోట ఉంటాయి.

గాజువాక_41:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. క్లిప్పులకి బదులు తీసి పెట్టుకునే అలైనర్లు (పళ్ల మీద తొడిగే పారదర్శక ప్లాస్టిక్ తొడుగులు) అయితే ఈ చిగుళ్ల గొడవ ఉండదా?

చిగుళ్ల_డాక్టర్:
బ్రష్ చేసుకోవడం సులువవుతుంది, అంతే. అవీ ఎముకలోంచే పన్నుని జరుపుతాయి కాబట్టి చిగుళ్ల వైద్యం ముందు అయి తీరాలి. పైగా రోజుకి 20 నుంచి 22 గంటలు పెట్టుకోవాలి, తిన్న ప్రతిసారీ బ్రష్ చేసుకుని పెట్టుకోవాలి. ఆ ఓపిక ఉందనుకుంటే అప్పుడు ఆర్థోడాంటిస్ట్‌ని అడగండి.